పాస్‌వర్డ్‌లో నా సగం

బాబాయ్ పోయారన్న కబురు నాకు హిందీలో వచ్చింది. “ఆంటీ, పాపా నహీ రహే” అంది ఆయన కూతురు ఫోన్లో. ఎప్పుడమ్మా అని నేను తెలుగులో అడిగాను. తెల్లవారుజామున అని తను హిందీలోనే చెప్పింది. భాలుబాసాలో మా ఇంట్లో నా కూతురూ అంతే, తెలుగులో తిట్టినా హిందీలోనే జవాబిస్తుంది. భుయ్యాడీహ్‌లో వాళ్ల ఇంటి ముందు టెంటు వేశారట, ఒంటిగంటకల్లా ఆయన్ని ఎత్తేస్తారట. ఫోన్ పెట్టేసి టైము చూశాను. పదిన్నర. ఎదురుగా ఆఫీసు ప్రింటరు ఎవరివో జీతం స్లిప్పులు ఒకదాని మీద ఒకటి పడేస్తూ ఉంది.

ఆయన నాకు సొంత బాబాయ్ కాదు. వాళ్ల నాన్నా మా తాతా ఇచ్ఛాపురం వైపు నుంచి ఈ హిందీ ఊరికి పనికి వచ్చినవాళ్లు, అంతవరకే చుట్టరికం. బాబాయ్ ప్రింటర్లు బాగుచేసేవారు. ఇళ్లలో ఉండే బుల్లి ప్రింటర్లు కాదు, ఆఫీసుల్లో బీరువా అంత ఉండే పెద్దవి. జెరాక్స్, స్కానింగ్, ప్రింటు అన్నీ అందులోనే. మాది ట్రక్కులకు చిన్నాచితకా భాగాలు చేసిచ్చే ఒక మోస్తరు కంపెనీ. నేను అందులో కార్మికుల హాజరు, ఫైళ్లు చూసే గుమాస్తాని. కంపెనీ పేరు రాయను, అది నా భయం. బాబాయ్ పేరూ రాయను, అది ఆయన మీద గౌరవం. ఏ కాగితం మీదైనా పేరు కనబడితే చాలు, కళ్లద్దాలు నెత్తి మీదికి నెట్టేసుకునే మనిషి. అద్దాలు లేకపోతే ఆయనకు అక్షరం ఆనదు. మిషన్లో ఇరుక్కున్న కాగితం లాగేటప్పుడు అద్దాలు పైకి పోయేవి, కాగితం బోర్లా తిరిగేది, నాలుగు మడతలు పడేది, అప్పుడు మన చేతికి వచ్చేది. అందులో ఏముందో ఆయనకు తెలియదు, తెలుసుకోరు.

మొదటిసారి ఆయన్ని చూసిన రోజు నేను ఆయన మీద విసుక్కున్నాను. పొట్టిగా, సన్నగా, మెడ దాకా గుండీలు పెట్టుకున్న చొక్కాతో వచ్చారు. నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి, చేతి గడియారం విప్పి, “అమ్మా, ఇది కాస్త పట్టుకో” అన్నారు. పనిలో దెబ్బ తగులుతుందని కాబోలు అనుకుని, దాన్ని సొరుగులో పడేసి నా పనిలో పడ్డాను. కాసేపయ్యాక చూస్తే మనిషి ప్రింటరు ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. మిషను మూత కూడా తెరవలేదు.

“ఏమైంది బాబాయ్, పని మొదలెట్టలేదా?” అన్నాను.

“నా గడియారం ఎక్కడెట్టావు?”

“సొరుగులో ఉంది. భద్రంగానే ఉందిలెండి.”

“సొరుగులో ఎట్టమన్నానేటి? పట్టుకోమన్నాను. పట్టుకోని ఇక్కడ నిలబడాల. ఈ పెట్టె నాది కాదు. మీ ఆఫీసుది. మనిసి ఎదర నేకుండా పరాయోల పెట్టె నాను తెరవను.”

నాకు ఒళ్లు మండింది. ఆ పూట నలభైమంది హాజరు లెక్క తేలాలి. అయినా నిలబడ్డాను, ఎందుకంటే నేను నిలబడకపోతే ఆయన లేవరు, ఆయన లేవకపోతే ప్రింటరు లేవదు. అలా అరగంట ఆ గడియారం పట్టుకుని దండన పడిన పిల్లలా నిలబడ్డాను. తర్వాత తెలిసింది, ఊరంతా ఇదే పద్ధతట. ఏ ఆఫీసుకు వెళ్లినా ఎవరో ఒకరి చేతిలో ఆయన గడియారం ఉండాల్సిందే. టెల్కో కాలనీలో ఒక బడి హెడ్మాస్టరు కూడా గంటసేపు పట్టుకున్నారని ఆయనే గొప్పగా చెప్పేవారు.

ఆ రోజే నాకు డిస్కు సంగతి చెప్పారు. మిషను వెనక మూత తీసి, అరచేతిలో పట్టేంత నల్లటి డబ్బా చూపించారు.

“ఇందులో ఏటుందనుకున్నావు? రంగు పొడి, కాయితాలు, అంతేనా? దీనికీ ఒక బుర్ర ఉంది. నువ్వు తీసిన పెతి కాయితం బొమ్మ దీనిలోకి ఎల్లి పడుకుంటాది. ఎవరు తీసినారో, ఎన్ని తీసినారో కూడా రాసుకుంటాది. నువ్వు మర్సిపోతావు. ఇది మర్సిపోదు.”

“అయితే మాత్రం ఎవరు చూస్తారు బాబాయ్?”

“సూసేవోడు సెప్పి సూత్తాడేటి?”

ప్రింటరు పక్కన గోడకు పాస్‌వర్డ్ రాసిన కాగితం అంటించి ఉండేది. ఎవరు అంటించారో తెలియదు, నేను చేరక ముందు నుంచీ ఉంది. మరిచిపోతామని అంటించారన్నమాట. అది చూసి ఆయన నేరుగా గోడ దగ్గరికి వెళ్లారు. గోరుతో గీకి గీకి దాన్ని పీకేశారు. అప్పుడు ఆయన పెట్టిన ఏర్పాటు వింటే మీకు నవ్వొస్తుంది, నాకు ఏళ్ల తరబడి వచ్చింది. కొత్త పాస్‌వర్డ్‌లో మొదటి సగం ఆయనది. రెండో సగం నాది. ఆయన సగం కొట్టేటప్పుడు నేను కిటికీ వైపు తిరగాలి. నా సగం కొట్టేటప్పుడు ఆయన గోడ వైపు తిరుగుతారు, తప్పు చేసి నిలబడ్డట్టు చేతులు వెనక్కి కట్టుకుని. ఆయన లేకుండా నేను ఆ మిషను లోపలి అమరికలు మార్చలేను, నేను లేకుండా ఆయనా మార్చలేరు. అకౌంట్సు వాళ్లు మమ్మల్ని చూసి పెళ్లిపీటల మీద అడ్డుతెర పట్టుకున్నారని వెక్కిరించేవారు. ఆయన పట్టించుకునేవారు కాదు.

నెలకో శనివారం అప్‌డేట్ పెట్టడానికి వచ్చేవారు. ఆ మాట ఆయన అనేవారు కాదు, టీకా అనేవారు. “దొంగ దూరే కన్నం ఎక్కడుందో మిషను కంపెనీవోడికి తెలిసింది. మూసీడానికి మందు పంపినాడు. మనం ఎక్కించుకోకపోతే ఆ కన్నం అలాగే ఉంటాది” అని చిన్న పిల్లకు చెప్పినట్టు చెప్పేవారు. స్కూలు పిల్లల రూళ్ల పుస్తకంలో ఊళ్లో తను చూసే ప్రతి మిషనుకూ ఒక పేజీ, ఎప్పుడు ఏ టీకా పడిందో వరసగా. అది ఎక్కుతున్న ఇరవై నిమిషాలూ కరెంటు పోకూడదు, ఎవరూ ఆపకూడదు. అందుకని ఆయన స్విచ్చి ముందు చేతులు కట్టుకుని నిలబడేవారు. ఒకసారి అకౌంట్సు పెద్దాయన అర్జెంటు చలానా తీయాలని కేకలేస్తూ వచ్చాడు. “ఆగండి, ఇంకా తొమ్మిది నిమిషాలు” అన్నారు బాబాయ్. పెద్దాయన మీదమీదికొచ్చాడు. బాబాయ్ కదల్లేదు. “నన్ను తోసీ తీసుకోండి. తొయ్యడానికీ లేవడానికీ ఆ తొమ్మిది నిమిషాలూ ఎలాగా అయిపోతాయి” అన్నారు. పెద్దాయన వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

ఆయన గురించి తీపి మాటలే రాస్తే అబద్ధమవుతుంది. మహా విసిగించేవారు. పెళ్లికి పిలిస్తే పందిట్లో కూడా ఇదే గోల. సాక్చిలో జెరాక్స్ కొట్టుకు వెళ్తే జనం ఆధార్ కార్డులు కొట్టువాడి ఫోనుకు పంపి ప్రింటు తీయించుకుంటారు కదా, ఆయన తన పని అయ్యాక కదిలేవారు కాదు. “తుడిసీ. నా ఎదర తుడిసీ” అని కొట్టువాడిని పట్టుకునేవారు. తనది తుడిచాక ముందువాళ్లవి కూడా తుడవమనేవారు. వెనకాల వరస పెరిగిపోయి జనం తిట్టేవారు. ఒకసారి ఆ వరసలో నేనూ ఉన్నాను. ఈయనెవరో నాకు తెలియనట్టు అటు తిరిగి నిలబడ్డాను. ఇప్పుడు అది తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

మా మేనేజరు సంగతి చెప్పాలి. తెలుగువాడే. విజయవాడ దగ్గర పెద్ద చదువు చదివి, ఇంజనీరుగా ఇక్కడికి వచ్చినవాడు. ఎంతో శుభ్రమైన తెలుగు. మేం ‘ఏటి’ అంటే ఆయన మొహంలో చిన్న ముడత పడుతుంది. నేను ఆయన దగ్గర ఎప్పుడూ ఆయన తెలుగే మాట్లాడాను, అరువు చీర కట్టుకున్నట్టు జాగ్రత్తగా. బాబాయ్ మాత్రం ఆయనతో కూడా ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడేవారు.

ఒక మధ్యాహ్నం బాబాయ్ ఆఫీసులోకి వచ్చారు. అది శనివారం కాదు, మేం పిలవలేదు. చంకలో పాత కాగితాల కట్ట. నేరుగా మేనేజరు గదిలోకి నడిచి ఆ కట్ట బల్ల మీద పెట్టారు. వెనకే నేను పరిగెత్తాను. జరిగిందేమిటంటే, బజారులో ఆయన ఘుగ్నీ మూరీ కొనుక్కున్నారు. శనగల కూర కలిపిన మరమరాలు, ఈ ఊళ్లో అందరం తినేదే. అది కాగితం పొట్లంలో పోసిస్తారు. తింటూ తింటూ అడుగుకు వచ్చేసరికి పొట్లం లోపలి నుంచి ఒక ఫొటో ఆయన వైపు చూస్తోందట. ఆధార్ కార్డు జెరాక్స్.

“పేరు సదవనేదు సార్. మొకం గుర్తట్టినాను. మీ గేటు కాసే మనిసి.”

మేనేజరు కట్ట వైపు చూశాడు. అందులో మా ఆఫీసు కాగితాలే. సరిగా పడని ప్రింట్లు, ఎక్కువ తీసిన కాపీలు. జీతం స్లిప్పులు, బ్యాంకు ఖాతాల నెంబర్లు, ఒకావిడ ప్రసూతి సెలవు కాగితం. మేం వాటిని మూటకట్టి పాతసామాను వాడికి వేసేవాళ్లం. వేసేది నేనే. ఆ పాతసామాను వాడు మూరీ బండ్లకు వేసేవాడు. బాబాయ్ ఆ బండి మీద మిగిలిన కాగితాలన్నీ కొనేసి, బండివాడికి పాత పేపర్లు తెచ్చిచ్చి మరీ వచ్చారు.

“సరే, ఇకమీదట జాగ్రత్తపడతాం” అన్నాడు మేనేజరు.

“జాగర్త మాట వద్దు సార్. కాయితం రాయండి.”

కాగితం రాయించేదాకా ఆయన అక్కడ నుంచి కదల్లేదు. నేనే టైపు చేశాను. పాడైన ప్రింట్లు ముక్కలు చేసే మిషన్లో వేయాలి. నెలనెలా అప్‌డేట్ పెట్టాలి. ఏ ప్రింటరైనా మా గేటు దాటి బయటికి పోయే ముందు దాని డిస్కు మొత్తం తుడవాలి, ఇద్దరి ఎదుట. నాలుగోది కూడా చెప్పారు, ప్రతి ప్రింటూ పడగానే దాని బొమ్మ అప్పటికప్పుడు తుడిచేసేలా మిషనును అమర్చాలని. అలా చేస్తే మిషను నెమ్మదిస్తుందని మేనేజరు దాన్ని కొట్టేశాడు. మిగతా మూడింటి కింద సంతకం పెట్టాడు, చదవకుండానే, ఈయన వెళితే చాలునని. బాబాయ్ దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి ప్రింటరు పైన గోడకు కొట్టించారు.

ఇక అసలు సంగతికి వస్తాను.

మా పెయింటు సెక్షన్లో కాంట్రాక్టు కార్మికులు ఉంటారు. ఏడాదికోసారి వాళ్లకు వైద్య పరీక్షలు. రిపోర్టులు ల్యాబు నుంచి ఆఫీసులో అందరూ తెరవగలిగే మెయిల్‌కు వస్తాయి, నేను తీసి ఫైళ్లలో పెడతాను. ఆ ఏడు ఆరుగురి ఊపిరితిత్తుల్లో మచ్చలున్నాయని, మళ్లీ పరీక్ష చేయించాలని వచ్చింది. రెండు రోజులకు పైనుంచి ఇంకో ఆరు కాగితాలు వచ్చాయి. అవే పేర్లు, అందరూ ఫిట్ అని. ముందువి చెరిపేసి వీటిని ఫైల్లో పెట్టమన్నారు. పెట్టాను. ముందువి చెరిపేశాను కూడా. కానీ చెరిపేముందు ఒక్కొక్కటి ప్రింటు తీశాను, మిషను మీద నా ఆఫీసు కార్డు గీకి, అందరూ టీకి వెళ్లినప్పుడు. మర్నాడు సైకిల్ స్టాండులో వాళ్ల అన్నం సంచుల్లో ఎవరిది వాళ్లకు పెట్టేశాను. ఎందుకు చేశానంటే గొప్ప కారణం లేదు. అందులో ఒకాయన రోజూ గేటు దగ్గర నాకు నమస్తే పెట్టి, దగ్గి, సారీ మేడమ్ అనేవాడు. ఆ సారీ నేను పడలేకపోయాను.

వారం తిరక్కుండా ఆరుగురూ రిపోర్టులు చేత్తో పట్టుకుని మేనేజరు గదిలో నిలబడ్డారు. గొడవైంది. వాళ్లకు మళ్లీ పరీక్షలు చేయించాల్సి వచ్చింది, ఇద్దర్ని వేరే సెక్షనుకు మార్చారు, మిగతావాళ్లకు సరైన మాస్కులు ఇచ్చారు. దగ్గే ఆయన మాత్రం తర్వాత వచ్చిన చలికాలం దాటలేదు. మేనేజరుకు ఒక్కటే పట్టుదల, ఎవరు తీశారు. ఒక్కొక్కర్నీ పిలిచి అడిగాడు. నన్ను మాత్రం పిలవలేదు. నా మీద ఆయనకు అనుమానం కూడా కలగలేదు, నేనంటే అంత లెక్కలేనితనం. నేనూ వెళ్లి చెప్పలేదు. దొరికితే ఉద్యోగం పోతుంది. ఇంట్లో సంపాదించేదాన్ని నేనొక్కదాన్నే, మా ఆయన మంచాన పడి అప్పటికి రెండేళ్లు.

అంతలో విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు ఈ ఊళ్లో యంత్రాలకు సెలవు. ఫ్యాక్టరీలో లేతు మిషన్ల దగ్గర నుంచి రోడ్డు మీద ఆటోల దాకా అన్నిటికీ బొట్టు, బంతిపూల దండ. మా ప్రింటరుకు కూడా పెట్టాం. పనిముట్టు ఎవరూ ముట్టరు. బాబాయ్‌కి మరీ పట్టింపు, ముప్ఫై ఏళ్లలో ఆ రోజు స్క్రూడ్రైవరు చేత్తో పట్టలేదట. ఆయన ప్రసాదానికి వచ్చారు. నేనూ, అకౌంట్సు వాళ్లిద్దరూ, గేటు కాసే ఆయనా ప్రింటరు దగ్గర నిలబడి కిచిడీ తింటున్నాం. ఆ మిషను మా కంపెనీ అద్దెకు తెచ్చుకున్నది, గడువు అయిపోయింది. కొత్తది అట్టపెట్టెలో వచ్చి కూర్చుంది, పాతది మర్నాడు పొద్దున్న వెళ్లిపోతుంది.

మేనేజరు దొన్నె పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు.

“మీతో చిన్న పని ఉందండీ. ఈ పాత మిషన్ డిస్కు తీసి నాకివ్వాలి. రాంచీ నుంచి ఒకతన్ని పిలిపిస్తున్నాను. అతను తెరిచి చూస్తాడు.”

“ఏటి సూత్తాడు సార్?” అన్నారు బాబాయ్.

“ఆ ఆరు రిపోర్టులు ఎవరు ప్రింటు తీశారో.”

నా నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. మింగలేదు, ఉమ్మలేదు.

“ఈయేళ పనిముట్టు ముట్టను సార్.”

“పరవాలేదు. రేపు పొద్దున్న తీయండి. మీకు వీలుకాకపోతే చెప్పండి, అతని చేతే తీయిస్తాను.”

బాబాయ్ తింటున్న దొన్నె ఖాళీ చేసి, బయటికి వెళ్లి చేతులు కడుక్కుని వచ్చారు. ప్రింటరు మెడలో దండ తీసి అట్టపెట్టె మీద పెట్టారు. మిషనుకు దణ్ణం పెట్టుకున్నారు. గడియారం విప్పి గేటు కాసే ఆయన చేతికిచ్చారు. స్విచ్చి వేశారు.

“ఏం చేస్తున్నారు?” అన్నాడు మేనేజరు.

“గోడ మీద రాసున్నది సేత్తన్నాను. గేటు దాటే ముందల డిస్కు తుడవాల, ఇద్దరి ఎదర. ఇక్కడ నలుగురున్నారు.”

“నేను వద్దంటున్నాను.”

“అయితే ఆ సంతకం కొట్టీయండి సార్. మీదే కదా. ఈల్లందరి ఎదరా కొట్టీయండి, నాను గడియారం ఎట్టుకోని ఎల్లిపోతాను.”

మేనేజరు గోడ వైపు చూశాడు, గేటు కాసే ఆయన వైపు చూశాడు. పొట్లంలో మొహం పడింది ఆయనదే, ఆ కాగితం పుట్టింది అందువల్లే. కొట్టేయలేదు.

“పూజ రోజు ముట్టనన్నావుగా” అన్నాడు, మర్యాద వదిలేసి.

“పనిముట్టు ముట్టనన్నాను. ఏలితో నొక్కడానికి పనిముట్టెందుకు? పాపమైతే నా నెత్తిన పడతాది.”

ఆయన సగం కొట్టారు. అలవాటుగా నేను కిటికీ వైపు తిరిగాను. తర్వాత ఆయన గోడ వైపు తిరిగి చేతులు వెనక్కి కట్టుకున్నారు.

“అమ్మా, నీ సగం.”

“మీరు ఆగండి” అన్నాడు మేనేజరు నాతో.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఆ తర్వాత చాలామంది నన్ను మెచ్చుకున్నారు, మేనేజరు ఆగమన్నా ఆగలేదని. అకౌంట్సు పెద్దాయన కూడా, ఏమో అనుకున్నాను గట్టిదానివే అన్నాడు. అది గట్టితనం కాదు. ఆ డిస్కులో నా పేరుంది. నేను నా సగం కొట్టకపోతే రేపటికి నేను బయటపడతాను. భయంతో కొట్టాను. ఒకసారి తప్పు పడింది, మళ్లీ కొట్టాను. మొత్తం తుడిచేయమంటారా అని మిషను రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అవునని నొక్కింది నేనే. ఆ గదిలో తనకు ఏ లాభమూ లేకుండా ఎదురు నిలిచిన మనిషి ఒక్కరే.

అది తుడుచుకోవడానికి ముప్పావుగంట పట్టింది. అంతసేపూ బాబాయ్ స్విచ్చి ముందు నిలబడ్డారు. మేనేజరు ఎదురుగా నిలబడ్డాడు. కిచిడీ చల్లారిపోయింది. అయిపోయాక మిషను ఒక కాగితం అచ్చు వేసి ఇచ్చింది, డిస్కు ఖాళీ అని. బాబాయ్ దాన్ని మేనేజరుకు రెండు చేతులతో అందించారు.

“నాను కొట్టమన్నాను, ఆవిడ కొట్టింది. అనేదేదైనా ఉంటే నన్నే అనండి” అన్నారు.

మేనేజరు నా వైపు చూడనైనా చూడలేదు. “ఆవిడకేం తెలుసు. ఎవరేం చెబితే అది చేస్తుంది” అన్నాడు. ఆ మాట నాకు ఉద్యోగం కాపాడింది. దాన్ని మించిన అవమానం నాకు ఈ ఆఫీసులో ఇంకొకటి జరగలేదు. మర్నాటి నుంచి బాబాయ్‌కి మా గేటు మూసేశారు. మా కంపెనీ చెప్పగా మరో మూడు చోట్ల కూడా ఆయన్ని మానిపించారని తర్వాత విన్నాను. ఏ చోటా ఆయన తన పద్ధతి మార్చుకోలేదు.

ఒక ఆదివారం భుయ్యాడీహ్ వెళ్లాను, చెప్పేద్దామని. నది వైపు సందులో రెండు గదుల ఇల్లు. గుమ్మంలో కూర్చుని ఆ రూళ్ల పుస్తకంలో మా మిషను పేజీకి అడ్డంగా గీత గీస్తున్నారు. టీ ఇచ్చారు, మంచాన ఉన్న మా ఆయన గురించి అడిగారు.

“బాబాయ్, ఆ రిపోర్టులు తీసింది…”

“ఆగు.” చెయ్యి అడ్డంగా పెట్టారు. “నాకు సెప్పొద్దు. నాకు తెలిత్తే నానూ డిస్కునే. రేపు ఎవడో నన్నిప్పుతాడు, బయటికొచ్చీద్ది.”

నాకు కోపం వచ్చింది. చెప్పి బరువు దించుకుందామని వెళ్తే దించుకోనివ్వరు. “అయితే ఎవరి కోసం ఇంత పోగొట్టుకున్నారో కూడా తెలుసుకోనక్కర్లేదా?” అన్నాను.

“ఒక్కరి కోసమేటి? అందులో గేటు కాసేవోడి ఆధారుంది. మీ సారు కూతురి కాలేజీ పారం ఉంది, నా ఎదరే తీసినారు. నీ మొగుడి ఆసుపత్రి కాయితాలుంటాయి. ఆల్లందరి బతుకులూ రాంచీవోడికి ఎందుకు? కాయితం మిషనుది కాదమ్మా. ఆఫీసుదీ కాదు. దాని మీద ఎవడి పేరుందో ఆడిది.” టీ గ్లాసు కింద పెట్టి, మళ్లీ అన్నారు. “ఆ ఆరు కాయితాలు ఎవరు తీసినారో గాని, ఎవరివి ఆలకి ఇచ్చీసినారు. అది దొంగతనం కాదు. భయపడొద్దని సెప్పు, నీకు తెలిసినోలైతే.”

తర్వాత ఎప్పుడు కలిసినా ఆ ప్రస్తావన రానివ్వలేదు. పోయిన నెల సాక్చిలో కనబడ్డారు, బాగా చిక్కిపోయారు. అదే ఆఖరు.

ఈ రోజు పదకొండింటికి సెలవు కాగితం రాసుకుని మేనేజరు గదిలోకి వెళ్లాను. ఆయన ఇప్పుడు ఇంకా పెద్ద కుర్చీలో ఉన్నాడు. ఇన్నేళ్లలో నేను సగంరోజు సెలవు అడిగింది వేళ్ల మీద లెక్కపెట్టచ్చు.

“ఎవరు పోయారు?”

“ప్రింటర్లు చూసే బాబాయ్ సార్.”

గుర్తు తెచ్చుకోవడానికి ఆయనకు కాస్త సమయం పట్టింది. “ఓ, ఆయనా. పాపం” అన్నాడు. “అయితే రేపు ఆడిట్ ఉంది కదండీ. ఫైళ్లు మీ దగ్గరే ఉన్నాయి. బంధువు కూడా కాదు మీకు. సాయంత్రం వెళ్లి పలకరించి రండి.”

“ఒంటిగంటకి ఎత్తేస్తారు సార్.”

“అంత అవసరమేమిటి? మీకు ఆయన ఏమవుతారు?”

అరువు తెలుగు నా నోటికి రాలేదు.

“ఆ ఆరు కాయితాలు తీసింది నానే సార్.”

“ఏ కాగితాలు?”

“పెయింటు సెక్షనోలవి. నా కార్డు గీకి తీసినాను. ఆల అన్నం సంచుల్లో నానే ఎట్టినాను. ఆ డిస్కులో ఉన్నది నా పేరే. ఆయనకి తెల్దు. సెప్పబోతే ఇననేదు. నాకేం తెలుసు, ఎవరేం సెబితే అది సేత్తానన్నారు మీరు. అది మాత్రం ఎవరూ సెప్పకుండా నాను సేసిన పని. ఇప్పుడు తెలిసింది కదా, ఆయన నాకు ఏటవుతారో.”

ఆయన కలం మూత పెట్టాడు. నన్ను చూశాడు, ఇన్నేళ్లలో మొదటిసారి చూస్తున్నట్టు.

“మీరేం మాట్లాడుతున్నారో మీకు తెలుస్తోందా?”

“తెలుస్తంది సార్.”

“కూర్చోండి. దీని సంగతి ఇప్పుడే తేలాలి. ఈ సెలవు నేనివ్వడం లేదు.”

గోడ గడియారంలో పదకొండుంపావు. సంతకం లేని కాగితం ఆయన బల్ల మీదే వదిలేసి భుయ్యాడీహ్ వెళ్లాను.